లైటక్క ముంజేయి

ఆ దర్శకుడికి నిజాయితీ అంటే ప్రాణం. రాతిక్వారీలో పనిచేసే ఇద్దరు అక్కాచెల్లెళ్ళ కథ రాసుకున్నాడు. ఆ కథ కోసం మూడు నెలలు క్వారీల వెంట తిరిగాడు, గడ్డం పెంచాడు, చెప్పులు మానేశాడు. రెండువందల మంది నల్లటి అమ్మాయిలను పిలిపించి, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీయించి ఆఫీసు గోడ నిండా అంటించాడు. ఆ గోడ ముందు చేతులు కట్టుకుని గంటలు గంటలు నిలబడేవాడు. చూసినవాళ్ళంతా ఈసారి ఎవరో ఒక నల్లపిల్ల నక్కతోక తొక్కిందనుకున్నారు. చివరికి అదే గోడ ముందు కుర్చీ వేయించి, పాలమీగడ లాంటి హీరోయిన్‌ను తెచ్చి కూర్చోబెట్టి, మేకప్ మనిషిని పిలిచి, గోడ చూపించి, "మేడమ్‌ని ఇలా చెయ్యి" అన్నాడు.

రెండువందల మందిలో ఒక్కతీ పనికిరాలేదా అని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. వాళ్ళకు నటన రాదట. హీరోయిన్‌కు భాషే రాదు. దుఃఖం వస్తే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ కన్నీళ్ళు కారుస్తుంది, కోపం వస్తే ఏడు నుంచి మొదలుపెడుతుంది. మాటలు తర్వాత వేరే ఆవిడెవరో చీకటి గదిలో కూర్చుని అతికిస్తుంది. దాన్ని నటన అంటారు.

మేకప్ మనిషి గోడ వైపు చూశాడు, తన పెట్టె వైపు చూసుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా మోస్తున్న పెట్టె అది. అందులో తెలుపులో పద్దెనిమిది రకాలున్నాయి. నలుపుకు ఒకటే డబ్బా. దొంగలకూ దయ్యాలకూ విలన్ అనుచరులకూ అందరికీ అదే. పైగా ఫోటోలో రంగును నమ్మలేం, లైటు మారితే మనిషే మారిపోతాడు. బతికున్న చర్మం పక్కన పెట్టుకుని కలిపితే తప్ప కుదరదని చెప్పేశాడు. అప్పుడు గదిలో ఉన్న నలుగురికీ ఒకేసారి లైటక్క గుర్తొచ్చింది.

లైటక్క అసలు పేరు ఆ స్టూడియోలో ఎవరికీ తెలియదు. హీరోయిన్ వచ్చేలోపు హీరోయిన్ నిలబడాల్సిన చోట నిలబడటం ఆమె ఉద్యోగం. కెమెరామన్ ఆమె మీద లైట్లు సర్దుకుంటాడు, దూరం కొలుచుకుంటాడు. అంతా కుదిరాక ఆమె పక్కకు తప్పుకుంటుంది, హీరోయిన్ వచ్చి ఆ పాదముద్రల్లో నిలబడుతుంది. తెల్లటి మనిషి కోసం నల్లటి మనిషి మీద లైటు చూడటమేమిటని ఎవరికైనా మొదటిరోజే తోచాలి. ఎత్తు సరిపోయింది, చాలన్నారు. లైట్లన్నీ ఆమెకు సరిపోయేట్టు పెట్టి, తర్వాత ఒక మెట్టు తగ్గించుకోవడం ఆ ఊళ్ళో కెమెరామన్లకు విద్యగా మారింది. పద్దెనిమిదేళ్ళుగా శిష్యులకు నేర్పుతున్నారు కూడా.

ఆమె ఆ పనిలోకి వచ్చింది లాండ్రీ నుంచి. వాళ్ళమ్మ లాండ్రీలో ఇస్త్రీ చేసేది, ఇప్పటికీ చేస్తుంది. దాని పైనే రెండు గదుల్లో కాపురం. సినిమా దుస్తులు అక్కడికే ఉతుకుడుకు వచ్చేవి. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆమె ఒక రాణిగారి గౌను భుజాన వేసుకుని స్టూడియోకు తీసుకెళ్తే, ఎవరో అసిస్టెంటు ఆమె ఎత్తు చూసి ఒక్క నిమిషం ఇక్కడ నిలబడమన్నాడు. ఆ నిమిషం ఇంకా అవలేదు.

నిలబడటంతోపాటు చిల్లర పనులూ పడేవి. హీరోయిన్‌కు నీళ్ళంటే భయమైతే నీళ్ళలో మునిగే కాళ్ళు ఈమెవి. పనిమనిషి వీపు ఈమెది. మెట్ల మీద కదిలే నీడ ఈమెది. సినిమా విడుదలైతే తల్లీకూతుళ్ళు వెళ్ళి ముక్కలు ఏరుకునేవాళ్ళు. తెర మీద ఒక మోచెయ్యి కనిపించగానే తల్లి పక్క సీటువాళ్ళను పొడిచి మరీ చూపించేది. ఇరుగుపొరుగు అడిగితే, "మా అమ్మాయి నలభై సినిమాల్లో ఉందండీ. అన్నిట్లోంచీ ఏరి కుట్టుకుంటే ఒక మనిషవుతుంది" అని చెప్పేది.

మొహం కనిపించింది ఒక్కసారే. అది పన్నెండేళ్ళ కిందటి మాట. హీరో స్నేహితుడు పెళ్ళిపీట మీద కూర్చుని మురిసిపోతూ పెళ్ళికూతురి ముసుగెత్తుతాడు. లోపల లైటక్క. అతను కెవ్వుమని కేకేసి మూర్ఛపోతాడు. అంతే దృశ్యం, మూడు సెకన్లు. తీసేటప్పుడు ఆమెకు ముసుగెత్తితే సిగ్గుగా నవ్వమని మాత్రమే చెప్పారు. ఆమె నిజంగానే సిగ్గుపడి నవ్వింది. అవతలివాడు కేక పెడతాడని ఎవరూ చెప్పలేదు. చెబితే సహజంగా రాదట. సినిమా హాల్లో ఎనిమిదివందల మంది ఒక్కసారిగా గొల్లుమన్నారు. తల్లి లేచి, వరసలో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. మూడోరోజు ఇస్త్రీ చేస్తూ చేస్తూ, "ఏమే, నేనేం చూడకూడనిది కన్నానా?" అంది. 

అప్పటి నుంచి లైటక్కకు ఒకటే కోరిక. తెర మీద ఒక్కసారి మొహం కనిపించాలి, హాల్లో ఎవరూ నవ్వకూడదు. పేరు పడాలనీ పెద్ద వేషం కావాలనీ ఆమె అడగలేదు.

ఇలాంటి మనిషి చెయ్యి దొరికాక మేకప్ మనిషి పని సులువైంది. రోజూ పొద్దున్నే మేడమ్ పక్కన ఎత్తుపీట వేసి లైటక్కను కూర్చోబెట్టేవాడు. ఆమె ముంజేయి చాపి బల్ల మీద పెట్టేది. అతను నాలుగు డబ్బాల్లోంచి తీసి గిన్నెలో కలిపేవాడు, ఆ చేతి పక్కన ఒక బొట్టు పెట్టి చూసేవాడు, మళ్ళీ కలిపేవాడు. బొట్టు చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతే లెక్క కుదిరినట్టు. ఆ తర్వాత స్పాంజితో మేడమ్ మొహానికీ మెడకూ చేతులకూ పూసేవాడు. రెండు గంటల పని. మేడమ్ కళ్ళు మూసుకుని నిద్రపోయేది. లైటక్క చెయ్యి తీయడానికి లేదు. దోమ కుడితే ఆ చెయ్యి తప్ప మిగతాదంతా కదిలించేది.

మూడోరోజు ఆమె ధైర్యం తెచ్చుకుని దర్శకుడిని అడిగింది. కథలో అక్క వేషం ఒక్క దృశ్యమే కదా, అది తనకివ్వమని. అక్క క్వారీ గుంతలోకి దిగే ముందు చెల్లెలితో నాలుగు మాటలంటుంది, ఆ తర్వాత తిరిగి రాదు. ఆయన ఆమెను పైకీ కిందికీ చూసి, ముఖ్యంగా ముంజేయి చూసి, ఈ చెయ్యి అలిగితే కొంప మునుగుతుందని లోపల్లోపల లెక్క వేసుకుని, సరే, ఆఖరి రోజు తీద్దామన్నాడు.

ఆ నాలుగు మాటలూ లాండ్రీలో ఎన్నిసార్లు వినిపించాయో చెప్పలేం. చెల్లెలి వేషం తల్లి వేసేది. ఇస్త్రీపెట్టె వైరు తాడయ్యేది. "నువ్వు దిగొద్దు. నేను వెళ్తాను. తాడు గట్టిగా పట్టుకో. పిలిస్తేనే లాగు" అని లైటక్క అంటుంటే, తల్లి వైరు పట్టుకుని, "గొంతులో మరీ అంత ఏడుపెందుకే, గుంతలోకి దిగేదానికి పని తొందరుండదూ?" అని సరిచేసేది. ఆ ముసలావిడ ఒక్కరోజు దర్శకత్వం చేసి ఉంటే ఆ ఊరి సినిమా బాగుపడేది. 

షూటింగు ఎండలో జరిగింది. క్వారీలో చెట్టన్నది లేదు. మేడమ్ గొడుగు కింద, ఫ్యాను ముందు, చల్లటి నీళ్ళ సీసా బుగ్గకానించుకుని కూర్చునేది. లైటు చూసినంతసేపూ, దూరం కొలిచినంతసేపూ, దర్శకుడు నిజాయితీ గురించి ఆలోచించినంతసేపూ ఎండలో నిలబడింది లైటక్క. ఇరవయ్యారు రోజులు. ఆఖరి రోజు తీయాల్సిన అక్క దృశ్యం ఒక్కటే మిగిలింది. 

ఎండలో నిలబడితే మనిషి నల్లబడతాడు. ఈ సంగతి పశువుల కాపరికి తెలుసు, బడిపిల్లకు తెలుసు. రంగుల మీదే బతికే ఆ యూనిట్లో నూటపాతిక మందికి తెలియలేదు. లైటక్క ముంజేయి రోజుకింత నల్లబడింది. మేకప్ మనిషి పనిలో మహా నిక్కచ్చి. ఏ రోజు చెయ్యి ఎలా ఉంటే ఆ రోజు గిన్నె అలాగే కలిపాడు. బొట్టు రోజూ చర్మంలో చక్కగా కలిసిపోయేది. అందుకని మేడమ్ కూడా రోజుకింత నల్లబడింది. రోజూ చూసేవాళ్ళకు తేడా తెలియలేదు.

తెలిసింది ఎడిటింగ్ గదిలో. సినిమా వరసగా తీయరు కదా, ఒకే దృశ్యంలో సగం మొదటిరోజు తీస్తారు, సగం ఇరవయ్యో రోజు. ఎడిటర్ ముక్కలు అతికించి వేసి చూపించాడు. హీరోయిన్ తలుపు తీసినప్పుడు పాలెక్కువైన టీలా ఉంది. కూర్చునేసరికి డికాషనైంది. లేచి నిలబడి ఒకటి రెండు మూడు అని ఏడ్చేటప్పుడు తారురోడ్డులా మెరిసింది. కంప్యూటర్లో సరిచేద్దామని చూశారు. మేడమ్‌ను సరిచేస్తే వెనక కొండ కూడా తెల్లబడి, క్వారీ కాస్తా ఉప్పుకొటారులా తయారైంది.

అందరినీ ఆఫీసుకు పిలిచారు. ఆ ఫోటోల గోడ కిందే సమావేశం. రెండువందల మంది పైనుంచి చూస్తుండగా కెమెరామన్ మేకప్ మనిషిని అన్నాడు, మేకప్ మనిషి గిన్నె చూపించి చెయ్యిని అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఉంది గానీ, మద్దెలను నిలబెట్టి సంజాయిషీ అడిగింది ఇక్కడే.

దర్శకుడు లైటక్క వైపు తిరిగి, "నువ్వెందుకు నల్లబడ్డావు?" అన్నాడు.

"ఎండలో నిలబెట్టారు కదండీ."

"మరి నాకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలండీ? నేను నల్లగా ఉన్నానని మీకు తెలుసనుకున్నాను." 

మేకప్ మనిషి దగ్గినట్టు చేసి నవ్వు మింగాడు. దర్శకుడు ఆ మాట మింగలేకపోయాడు, కానీ అక్క వేషం తీసేస్తానని అనలేడు, ఆ చెయ్యితో ఇంకా అవసరముంది. మొదటిరోజు రంగునే అసలు రంగుగా తీసుకుని, మరీ తేడాగా ఉన్న ముక్కలు మళ్ళీ తీయాలని తేల్చారు. మేడమ్ పన్నెండు రోజుల తర్వాత మూడు రోజులిస్తుందట. ఈలోగా ముంజేయిని మొదటిరోజు రంగుకు తీసుకురావాలి. భుజం దగ్గర బట్ట కింద చర్మం ఎండ తగలక పాత రంగులోనే ఉంటుంది, అక్కడ చూసి కలుపుతానని మేకప్ మనిషి అన్నాడు. సలహా చెప్పినవాడికి ముప్పయ్యేళ్ళ అనుభవం, విన్నవాడికి గడ్డం. "నాకు ఆ ముంజేయే కావాలి" అన్నాడు దర్శకుడు.

అలా పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి యూనిట్ లైటక్కను కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. అంటే ఆమె ముంజేతిని. మోచేతి దాకా వచ్చే గ్లౌజు ఇచ్చారు. మీగడ లాంటి క్రీము ఇచ్చారు. గొడుగొకటి ఇచ్చి, చెయ్యి బయట పెట్టాల్సి వస్తే దాని కింద పెట్టమన్నారు. చేతికి ఏం రాస్తోంది, ఎంతసేపు కప్పుతోంది అని రోజూ పొద్దున ఫోన్ వచ్చేది. మనిషి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఆమె తిండి మాత్రం ఎప్పటిలా ఇంకో సినిమా షూటింగులో నిలబడి సంపాదించుకుంది. మొహం ఎండలో, చెయ్యి గొడుగులో. గొడుగు చేతికి పట్టి, నెత్తి మాడుతుంటే నిలబడ్డ ఆమెను చూసి తల్లి, "రేపు నీ చెయ్యికి విడిగా గది అద్దెకిస్తారు, చూస్తూండు" అంది.

పన్నెండు రోజులకు ముంజేయి దారికొచ్చింది. రెండు రోజుల్లో ఆ ముక్కలు మళ్ళీ తీశారు. మూడోరోజు, ఆఖరి రోజు, అక్క దృశ్యం. మేడమ్ మధ్యాహ్నం రెండింటికి విమానం ఎక్కాలి. లైటక్క పొద్దున ఆరింటికే వచ్చి కూర్చుంది. ఇంట్లో తల్లి ఆ రోజు పని మానేసింది. ఇస్త్రీపెట్టె వైరు చుట్టి పక్కన పెట్టి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గుంత అంచున ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. కెమెరామన్ చూశాడు. మళ్ళీ చూశాడు. దర్శకుడిని పిలిచాడు. పన్నెండు రోజులు ఎండలో ఉన్న లైటక్క మొహం ఒక రంగు, గొడుగు కింద పెరిగిన లైటక్క చెయ్యి ఒక రంగు, ఆ చెయ్యిని చూసి పూసిన మేడమ్ మొహం ఇంకో రంగు. పక్కపక్కన పెట్టేసరికి మేడమ్ మొహం మీద రంగు రంగులాగే కనిపించింది. గోడకు సున్నం కొట్టినట్టు అంచులు కూడా తెలుస్తున్నాయి. నిజం పక్కన నిలబడితే వేషం నిలవదు, అది ప్రకృతి ధర్మం. దర్శకుడు గడ్డం గోక్కుని, ప్రకృతిని సరిదిద్దాలని నిర్ణయించాడు.

"లైటక్క సహజంగా లేదు. గిన్నెలో మిగిలింది ఆమెక్కూడా పూసేయ్" అన్నాడు. 

మేకప్ మనిషి గిన్నె పట్టుకుని వచ్చాడు. లైటక్క మేడమ్ కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అతను కళ్ళు కలపకుండా స్పాంజి ముంచి ఆమె నుదుటి మీద రెండుసార్లు అద్దాడు. అద్దంలో చూసుకుంది. తన చేతి రంగు తన నుదుటి మీద, పాతగోడకు అతుకు వేసినట్టు ఉంది.

"నన్ను నాలా చేస్తున్నావా అన్నా?"

"నేనేం చెయ్యను చెల్లెమ్మా. కళ్ళు మూసుకో, పది నిమిషాల్లో అయిపోతుంది. నీ దృశ్యం నీకు దక్కుతుంది."

ఆ మాట నిజమే. పది నిమిషాలు కళ్ళు మూసుకుంటే చాలు. ఆమె మూసుకునేదే. అప్పుడు పక్క కుర్చీలో మేడమ్ ఇది చూసి నవ్వింది. చెడ్డ మనిషేం కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. ఆమె నవ్విందని ఆమె మేనేజరు నవ్వాడు, మేనేజరు నవ్వాడని గొడుగు పట్టినవాళ్ళు నవ్వారు. పన్నెండేళ్ళ కిందట హాల్లో విన్న నవ్వు. అది ఈసారి తెర దాకా కూడా ఆగలేదు.

లైటక్క తువ్వాలు తీసి నుదురు తుడుచుకుంది. తుడిచిన తువ్వాలు మడిచి మేకప్ పెట్టె మీద పెట్టింది. లేచి వెళ్ళి గుంత అంచున తన పాదముద్రల్లో తాను నిలబడి, దర్శకుడితో, "నాకు రంగు వద్దండీ. తీస్తే ఇలా తీయండి. లేకపోతే వెళ్తాను, చెయ్యి కూడా నాతోనే వస్తుంది" అంది.

టైము పదకొండున్నర. అక్క వేషానికి ఇంకొకరిని తేవాలంటే రెండు దాటుతుంది, మేడమ్ గాల్లో ఉంటుంది. గడ్డంలో ఉపాయం దొరకలేదు. కెమెరామనే మెల్లగా అన్నాడు, ఇద్దరి మొహాలూ ఒకేసారి కనిపించకపోతే గొడవ లేదు, మేడమ్ వీపు పెట్టి అక్క మొహం తీద్దామని. మేడమ్ మేనేజరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మేడమ్ వీపు ఇవ్వదట. వీపులివ్వడానికి మనుషులుంటారు కదా అన్నాడు. ఉంటారు. పద్దెనిమిదేళ్ళుగా అందరి వీపులూ ఇచ్చిన ఆ మనిషే ఈరోజు మొహం పెట్టుకుని ఎదురుగా నిలబడింది. చివరికి మేనేజరు ఎత్తే సరిపోయిందని తేలింది. అతనికి మేడమ్ బట్టలు తొడిగి, జడ తగిలించి, మెడకు గిన్నెలో మిగిలింది పూసి, కెమెరాకు వీపు పెట్టించి తాడు చేతికిచ్చారు. 

లైటక్క అతని కళ్ళలోకి చూసి, "నువ్వు దిగొద్దు. నేను వెళ్తాను. తాడు గట్టిగా పట్టుకో. పిలిస్తేనే లాగు" అంది. పని తొందరున్న మనిషి చెప్పినట్టు చెప్పింది. మేనేజరు నిజంగానే తాడు బిగించి పట్టుకున్నాడట.

సినిమా విడుదలైంది. మేడమ్ ఇంటర్వ్యూల్లో ఆ వేషం కోసం తను ఎంత ఎండ భరించిందో చెప్పుకుంది. తల్లీకూతుళ్ళు మొదటిరోజు రెండో ఆటకు వెళ్ళారు. గొంతు వేరే ఆవిడది అతికించారు, ఆ సంగతి లైటక్కకు ముందే తెలుసు. దృశ్యం పదకొండు సెకన్లు. తెర నిండా మొహం. వెనక వరసలో ఒకడు దగ్గాడు. తల్లి వెనక్కి తిరిగి చూసిన చూపుకు వాడు దగ్గు సగంలోనే మింగేశాడు. మరెవరూ చప్పుడు చెయ్యలేదు. లైటక్క గుంతలోకి దిగింది. తల్లి అప్పుడు ఊపిరి వదిలి, "నా గొంతైతే ఇంకా బాగుండేది" అంది.

మర్నాడు పేపర్లో సమీక్ష వచ్చింది. సినిమాను ఆకాశానికెత్తి, ఆఖరి పేరాలో ఒక లోపం పట్టుకున్నాడు ఆ మహానుభావుడు. హీరోయిన్ రంగు ఎంత సహజంగా కుదిరిందో, అక్క వేషధారి మొహానికి పులిమిన నలుపు అంత కృతకంగా ఉందనీ, మేకప్ మీద ఇంకాస్త శ్రద్ధ పెట్టాల్సిందనీ రాశాడు. లైటక్క పైకి చదివింది. తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మళ్ళీ చదవమంది. రెండోసారి చదివేటప్పటికి ఇద్దరిలో ఎవరు ముందు మొదలుపెట్టారో గానీ, నవ్వాపుకోలేక తల్లి బట్టల కుప్ప మీద కూలబడింది. అంత నవ్వు ఆ లాండ్రీలో ఎప్పుడూ వినపడలేదు.

ఆ నవ్వులోనే ఫోన్ మోగింది. మేకప్ మనిషి. గొంతులో ఏడుపొకటే తక్కువ. "చూశావా చెల్లెమ్మా, ముప్పయ్యేళ్ళ పేరు పోయింది. నీ మొహం నేను చేశాననుకుంటున్నారు. నేను చెయ్యలేదని నువ్వైనా చెప్పు."

"నువ్వు చెయ్యలేదులే అన్నా. చేసిన మనిషి ఇక్కడే ఉంది, మాట్లాడు" అని లైటక్క ఫోన్ తల్లికిచ్చింది.

తల్లి కళ్ళు తుడుచుకుని, చెయ్యి తుడుచుకుని, ఫోన్ అందుకుంది. "చెప్పు నాయనా. ఎక్కడ బాగోలేదన్నారు?"